షుగర్ ఉన్న పిల్లకి చపాతీ వద్దన్నారు

మన ఇళ్లలో ఎవరికైనా షుగర్ అని తేలగానే మొదట మారేది రాత్రి భోజనం. అన్నం మానేసి పుల్కాలు మొదలుపెడతారు. మా అత్తమ్మ ఏళ్ల తరబడి చేస్తున్నది అదే. అందుకే మా పాపకి ఆరేళ్లప్పుడు టైప్ వన్ డయాబెటిస్ అని తేలితే, ఇంట్లో అందరికన్నా ముందు తేరుకున్నది ఆవిడే. "నాతోపాటే దానికీ రెండు పుల్కాలు చేస్త, గంతేగా" అంది. రెండేళ్ల తర్వాత ఆ పిల్లకే గోధుమ పూర్తిగా మాన్పించమని డాక్టరు చెప్పినప్పుడు మాత్రం ఆవిడకి అస్సలు మింగుడు పడలేదు. "షుగరున్నోళ్లను చపాతీ బంద్ చేసి అన్నం తినుమంటడా? ఏం డాక్టరు ఆయన?"

నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. చిన్నపేగు, దాని లోపలి గోడ మీద వేళ్లలా నిలబడి తిన్నదాన్ని పీల్చుకునే విల్లై, శోషణ అంటూ ప్రతి ఏడాదీ బోర్డు మీద బొమ్మ గీసేదాన్నే. అయినా అత్తమ్మ అడిగినదానికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని చదివాను, డాక్టర్ని విసిగించాను. ఇలాంటి పిల్లలున్న తల్లులు నాకు మెసేజ్‌లు పెడుతున్నారు, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమని ఈ పోస్టు.

ముందు ఒక మాట. అత్తమ్మ షుగరూ పాప షుగరూ పేరుకే ఒకటి. అత్తమ్మకి ఇన్సులిన్ తయారవుతుంది, ఒంట్లో సరిగ్గా పనిచేయదు. పాపకి అది తయారయ్యే బీటా కణాలనే సొంత రోగనిరోధక వ్యవస్థ శత్రువులనుకుని చంపేస్తోంది. స్వీట్లు తిన్నందుకు రాలేదు, మేం పెంచిన తీరు వల్లా రాలేదు. ఇన్సులిన్ బయటి నుంచి ఇవ్వాల్సిందే, రోజూ, భోజనం భోజనానికీ. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021 లెక్క ప్రకారం ఇలాంటి ఇరవై ఏళ్ల లోపు పిల్లలు మన దేశంలో దాదాపు 2,29,000 మంది ఉన్నారు. ప్రపంచంలో ఇంకే దేశంలోనూ ఇంతమంది లేరు.

టైప్ వన్ ఉన్న పిల్లల్లో నూటికి అయిదారుగురికి సీలియాక్ అనే ఇంకో జబ్బు కూడా కనిపిస్తుంది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ మీద పేగులోని రోగనిరోధక వ్యవస్థ తిరగబడటమే సీలియాక్. అందుకే టైప్ వన్ అని తేలిన రోజుల్లోనే టీటీజీ అనే రక్తపరీక్ష చేయించాలి, అప్పుడు నెగటివ్ వచ్చినా రెండేళ్లు గడిచాక ఒకసారి, అయిదేళ్లు గడిచాక ఇంకోసారి మళ్లీ చేయించాలి అని పిల్లల డయాబెటిస్ డాక్టర్ల మార్గదర్శకాలు చెబుతాయి. దాంతోపాటు ఐజీఏ అనే రకం యాంటీబాడీ ఒంట్లో మొత్తం ఎంతుందో కూడా చూడాలి. కొందరు పిల్లల్లో ఐజీఏ పుట్టుకతోనే తక్కువ, వాళ్లకి టీటీజీ తప్పుగా నెగటివ్ వస్తుంది.

మా పాపకి మొదట నెగటివే. రెండేళ్ల తర్వాత చేసినప్పుడు చాలా ఎక్కువగా వచ్చింది. కడుపునొప్పి లేదు, విరేచనాలు లేవు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే రెండు గుర్తులు కనిపిస్తాయి. క్లాసులో పిల్లలందరూ ఎదుగుతుంటే ఇది గోడ మీద గీసిన గీత దగ్గరే ఆగింది. రెండోది, కారణం లేని హైపోలు, అంటే షుగర్ ఉన్నట్టుండి బాగా పడిపోవడం. లెక్క ప్రకారం ఇన్సులిన్ ఇచ్చి, లెక్క ప్రకారం తిండి పెట్టినా గంట తిరిగేసరికి 58, 52. తిన్నది సరిగ్గా ఒంటికి పట్టకపోతే, ఇచ్చిన ఇన్సులిన్‌కి తగినంత గ్లూకోజ్ రక్తంలోకి చేరదు మరి. ఎండోస్కోపీ చేసి ముక్క తీసి చూస్తే, విల్లై అరిగి చదునైపోయాయి. ఏటా బోర్డు మీద వేళ్లలా నిలబెట్టి గీసేవి, రిపోర్టు ఫొటోలో అసలు లేనే లేవు.

గ్లూటెన్ అంటే ఏమిటో చూడాలంటే ఎవరైనా వంటింట్లో చూడొచ్చు. మా ఇంటర్ పిల్లలకి కూడా ఇదే చేసి చూపించాను. నిమ్మకాయంత చపాతీ ముద్దని అరగంట నాననిచ్చి, గిన్నెలో నీళ్లు పోసి అందులో పిసుకుతూ ఉండాలి. నీళ్లు పాలలా తెల్లబడతాయి, అదంతా పిండి పదార్థం. నీళ్లు మారుస్తూ పోతే చివరికి చేతిలో బూడిద రంగులో చూయింగ్ గమ్ లాంటి ముద్ద మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అదే గ్లూటెన్. చపాతీ పల్చగా సాగడానికీ, పుల్కా పొంగడానికీ అదే కారణం. జొన్నపిండిలో అది లేదు, అందుకే వేడినీళ్లతో కలిపి చేత్తో తట్టాలి, కొంచెం ఏమరితే అంచులు చీలిపోతాయి.

ఈ ప్రోటీన్‌తో వచ్చిన చిక్కేమిటంటే, మన ఒంట్లో ఎవరూ దాన్ని పూర్తిగా అరిగించుకోలేరు. గ్లూటెన్‌లో గ్లూటమిన్, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు మరీ ఎక్కువ. ప్రోలిన్ ఉన్నచోట మన ఎంజైములు కత్తిరించలేవు. దాంతో 33 అమైనో ఆమ్లాల పొడవున్న ఒక ముక్క అరక్కుండా చిన్నపేగు దాకా వచ్చేస్తుంది. చాలామందిలో అది అట్లాగే పోతుంది, ఏమీ కాదు. సీలియాక్ ఉన్నవాళ్లలో పేగు గోడలో ఉండే ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైమ్ ఆ ముక్కలోని గ్లూటమిన్‌ని కొద్దిగా మారుస్తుంది. టీటీజీ పరీక్షలో మొదటి అక్షరం తర్వాత వచ్చే 'టీజీ' ఈ ఎంజైమే. అలా మారిన ముక్క, డీక్యూ2 లేదా డీక్యూ8 అనే హెచ్‌ఎల్‌ఏ అణువుల్లో (కణాలు ఇలాంటి ముక్కల్ని రోగనిరోధక వ్యవస్థకి పట్టి చూపించేవి ఇవే) గట్టిగా కూర్చుంటుంది. దాన్ని రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు చూసి యుద్ధం మొదలుపెడతాయి. దెబ్బలన్నీ విల్లైకి తగులుతాయి.

టైప్ వన్ ఎక్కువగా వచ్చే పిల్లల్లో ఉండే హెచ్‌ఎల్‌ఏ రకాలు కూడా డీక్యూ2, డీక్యూ8లే. ఒకే పిల్లలో రెండు జబ్బులూ కనపడటానికి పెద్ద కారణం ఇది.

ఇక్కడ మన వాళ్లకి సంబంధించిన విషయం ఒకటుంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతంలో 23 వేల మందికి పైగా పెద్దవాళ్లని పరీక్షించారు. దక్షిణాదిన చూసింది వెల్లూరు ప్రాంతంలో. రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిన వెయ్యికి 12 మందిలో ఉంటే, దక్షిణాదిన వెయ్యికి ఒక్కరిలో ఉన్నాయి. డీక్యూ2, డీక్యూ8 జన్యువులు మాత్రం ఉత్తరాదిన నూటికి 38 మందిలో, దక్షిణాదిన 36 మందిలో ఉన్నాయి. అంటే దాదాపు సమానం. తేడా కంచంలో ఉంది. ఉత్తరాదిన ఒక్కొక్కరు రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదిన 25 గ్రాములు. మా తాతలు జొన్న గట్క, మక్క గట్క, అన్నం తిన్నారు. మా పిల్లలు పొద్దున బ్రెడ్డు, స్కూల్లో బిస్కెట్లు, సాయంత్రం బేకరీ పఫ్, రాత్రి పుల్కా తింటున్నారు. ముందు ముందు మన దగ్గర కూడా సీలియాక్ కేసులు పెరుగుతాయని నా అనుమానం. "సీలియాక్ పంజాబీల జబ్బు, మనకెందుకు వస్తుంది" అని టెస్టు రాయని డాక్టరు మీకు తగిలితే, అడిగి మరీ రాయించుకోండి.

గ్లూటెన్ మానేశాక పాప ఇన్సులిన్ తగ్గుతుందని చుట్టాలందరూ ఎదురుచూశారు. పెరిగింది. పేగు కోలుకుంటుంటే తిన్నది ఒంటికి పట్టడం మొదలైంది, దానికి తగ్గట్టు డోసు పెంచారు. కారణం లేని హైపోలు పోయాయి, గోడ మీద గీతలు పైకి జరిగాయి. అన్నం తింటే షుగర్ చపాతీ కన్నా వేగంగా ఎక్కుతుంది, అది నిజమే. అందుకని తూకం వేసి వండటం, పప్పూ కూరా ఎక్కువ పెట్టడం, తినడానికి కొంచెం ముందే సూది వేయడం నేర్చుకున్నాం. అత్తమ్మ జొన్న రొట్టె చేస్తుంది, అది ఆవిడకి మా అందరికన్నా బాగా వచ్చు. డాక్టరు మీద కోపం కూడా ఆ రొట్టెలతోనే తగ్గింది.

ఇప్పుడు గిర్నీ సంగతి. మా మామయ్యకి పిండి గిర్నీ ఉంది. బియ్యప్పిండి ఇంట్లోనే పట్టించుకుంటాం కదా, మాకేం భయం అనుకున్నాడు ఆయన. గిర్నీలో ఒకరి గోధుమలు పట్టాక వెంటనే ఇంకొకరి బియ్యం పోస్తే, ముందు పట్టిన పిండి రాళ్ల సందుల్లో, కిందికి దిగే గుడ్డ గొట్టం లోపల అంటుకుని ఉంటుంది. తర్వాత వచ్చే పిండిలో అది కలుస్తుంది. మన దేశంలో 'గ్లూటెన్ ఫ్రీ' అని అచ్చువేసుకోవాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తిన్నా పేగు దెబ్బతింటుందని ఇటలీలో జరిగిన ఒక పరీక్షలో తేలింది. 50 మిల్లీగ్రాములంటే ఒక పుల్కాలో నలభయ్యో వంతు. ఈ లెక్కలన్నీ మామయ్యకి చెప్పి చూశాను, ఆయన తల ఊపాడు కానీ పట్టించుకున్నట్టు లేదు. చివరికి మా ఆయన అడిగాడు: "నాన్నా, కారం పట్టిన గిర్నీల పిండి పడతవా?" ఊళ్లో ఏ గిర్నీలో అయినా మిరపకాయలకి మిషన్ వేరే ఉంటుంది. ఎంత దులిపినా ఘాటు పోదని అందరికీ తెలుసు. ఆయనకి ఆ ఒక్క మాటతో అర్థమైంది. ఇప్పుడు పాప బియ్యం, జొన్నలు ఇంట్లోనే చిన్న మిషన్‌లో పడుతున్నాం. దాంట్లో గోధుమ గింజ పోయనివ్వడు ఆయన.

గ్లూటెన్ మన వంటల్లో ఎక్కడెక్కడ దాక్కుంటుందో కూడా చెబుతాను. ఉప్మా రవ్వ, సేమ్యా, మైదా అందరికీ తెలిసినవే. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఫరవాలేదు. పొడి ఇంగువ డబ్బా వెనక చదవండి, చాలావాటిలో గోధుమపిండి కలిపి ఉంటుంది. పాలల్లో కలిపే మాల్టు పొడులు బార్లీతోనో గోధుమతోనో చేసినవి. ఎండాకాలం చలవకి తాగించే బార్లీ నీళ్లు కూడా కుదరవు. సోయా సాస్ వేసిన నూడుల్స్, ఫ్రైడ్ రైస్ వద్దు. అన్నవరం ప్రసాదం గోధుమ నూకది. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసినప్పుడు మేం ప్రసాదం బియ్యం రవ్వతో చేయించాం, పంతులుగారు ఏమీ అనలేదు. సకినాలు, సర్వపిండి, అరిసెలు, సున్నుండలు అన్నీ తినొచ్చు, ఇన్సులిన్ లెక్క వేసుకుని. హైపో అయితే ఇవ్వడానికి స్కూల్ బ్యాగులో గ్లూకోజ్ బిస్కెట్లు ఉండేవి, వాటి బదులు గ్లూకోజ్ పొడి పొట్లాలు పెట్టాం. టీచర్లకి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. పిల్ల చెమటలు పట్టి కూర్చుంటే టెన్షన్‌లో ఎవరైనా చేతికందిన బిస్కెట్టే పెడతారు.

ఇక వాట్సాప్ దగ్గరికి వస్తాను. మా ఆడబిడ్డ ఒక వీడియో పంపింది. "గ్లూటెన్ మానేస్తే టైప్ వన్ పోతుంది, ఇన్సులిన్ అక్కర్లేదు" అని ఒకాయన బల్లగుద్ది చెబుతున్నాడు. ఆయన చూపించే ఆధారం అబద్ధం కాదు, అదే ప్రమాదం. 2012లో డెన్మార్క్ డాక్టర్లు ఒక పిల్లవాడి గురించి రాశారు. ఆరేళ్లు నిండబోతుండగా టైప్ వన్ అని తేలింది, సీలియాక్ లేదు. కొద్ది వారాల్లోనే గ్లూటెన్ మానేశారు. 20 నెలల తర్వాత కూడా రోజువారీ ఇన్సులిన్ లేకుండానే ఉన్నాడు. నిజమే. అయితే వాడు ఒక్కడు. టైప్ వన్ మొదట్లో మిగిలిన బీటా కణాలు కొంతకాలం బాగా పనిచేసి డోసు బాగా తగ్గే దశ ఎలాగూ ఉంటుంది, దాన్నే డాక్టర్లు హనీమూన్ అంటారు. ఆ పిల్లవాడిలో అది గ్లూటెన్ వల్ల పొడిగిందో, దానంతట అదే పొడిగిందో ఒక్క కేసుతో ఎవరూ తేల్చలేరు. తర్వాత చెక్ దేశంలో కొద్దిమంది పిల్లలతో ఏడాది పాటు చేసి చూశారు. గ్లూటెన్ మానినవాళ్లలో బీటా కణాల పని కొంచెం నెమ్మదిగా తగ్గినట్టు, షుగర్ కాస్త మెరుగ్గా ఉన్నట్టు 2020లో రాశారు. ఆ పిల్లల్ని చీటీలు తీసి విడగొట్టలేదు, ఇష్టపడ్డ కుటుంబాలే మానాయి. అంత శ్రద్ధ పెట్టే ఇంట్లో షుగర్ ఎలాగూ బాగానే ఉంటుంది కదా అనే ప్రశ్న మిగిలే ఉంది. వీడియో చూసి సూది ఆపితే మాత్రం ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి పిల్ల ఐసీయూలో ఉంటుంది. ఆడబిడ్డకి ఇదే చెప్పాను, కాస్త గట్టిగానే చెప్పాను.

అయినా గ్లూటెన్‌కీ టైప్ వన్‌కీ సంబంధమే లేదని కొట్టిపారేయలేం. సీలియాక్ లేని టైప్ వన్ పిల్లల పేగు ముక్కల్ని గ్లూటెన్‌తో కలిపి పెంచితే, మామూలు పిల్లల ముక్కల కన్నా అవి ఎక్కువగా రెచ్చిపోయాయని ఇటలీ వాళ్లు 2004లో చూపించారు. దానంతట అదే డయాబెటిస్ వచ్చే ఒక జాతి ఎలుకలకి గ్లూటెన్ లేని తిండి పెడితే జబ్బు బాగా తగ్గింది. ఎలుకల్లో ఇంత స్పష్టంగా కనపడ్డది మనుషుల దగ్గరికి వచ్చేసరికి చెల్లాచెదురైంది. మ్యూనిక్‌లో, ఇంట్లో టైప్ వన్ ఉండి ప్రమాదకరమైన జన్యువులున్న 150 మంది పసివాళ్లలో సగం మందికి ఆరో నెలలో, సగం మందికి ఏడాది నిండాక గోధుమ మొదలుపెట్టారు. మూడేళ్లొచ్చాక చూస్తే తేడా లేదు.

మా యారాలు కడుపుతో ఉంది. ఆమెకి ప్రెగ్నెన్సీ షుగర్ వచ్చింది, చపాతీ తినమన్నారు. అప్పుడే ఎవరో ఆమెకి డెన్మార్క్‌లోనే జరిగిన ఇంకో అధ్యయనం గురించి చెప్పారు. "అక్కా, నేను చపాతీ బంద్ చెయ్యాల్నా?" అని భయపడుతూ ఫోన్ చేసింది. ఆ అధ్యయనం 2018లో వచ్చింది, 63 వేల మందికి పైగా గర్భిణుల తిండి లెక్కలతో. రోజుకి 20 గ్రాములకి పైగా గ్లూటెన్ తిన్న తల్లుల పిల్లల్లో, 7 గ్రాముల లోపు తిన్నవాళ్ల పిల్లల కన్నా టైప్ వన్ రెట్టింపు ఉంది. వినడానికి గుండె ఆగినంత పనవుతుంది. లెక్క దగ్గర కూర్చుంటే, అన్ని వేల మంది పిల్లల్లో టైప్ వన్ వచ్చింది 247 మందికి. ఇక వంద గ్రాముల గోధుమపిండిలో గ్లూటెన్ ఎనిమిది తొమ్మిది గ్రాములు, ఒక పుల్కాలో రెండు గ్రాముల పైచిలుకు. 20 గ్రాములంటే రోజుకి తొమ్మిది పుల్కాలు. యారాలు తినేది మూడు. పైగా రెండేళ్ల తర్వాత నార్వేలో చూస్తే తల్లి తిన్నదానికి సంబంధం కనపడలేదు, ఏడాదిన్నర వయసులో పిల్ల తిన్నదానికి కనపడింది. ఇద్దరూ నిజాయితీగా చేసినవాళ్లే, జవాబు వేర్వేరుగా వచ్చింది. "డాక్టరు చెప్పినట్టు తిను, మూడు పుల్కాలకి భయపడకు" అన్నాను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఫిన్లాండ్, దాని పక్కనే సరిహద్దుకి అవతల ఉన్న రష్యా కరేలియా. జన్యువులు దగ్గర దగ్గర ఒకటే, రెండు వైపులా తినేది గోధుమే. టైప్ వన్ ఫిన్లాండ్ పిల్లల్లో ఆరు రెట్లు ఎక్కువ. సీలియాక్ కూడా ఫిన్లాండ్‌లో దాదాపు నూరుగురిలో ఒకరికి, కరేలియాలో దాదాపు 500 మందిలో ఒకరికి. అంటే గోధుమ ఉంటే సరిపోదు, జన్యువు ఉంటే సరిపోదు. పేగులోని రోగనిరోధక వ్యవస్థకి చిన్నప్పుడు ఏం ఎదురైంది, ఏ సూక్ష్మజీవులతో పెరిగింది అనేది కూడా లెక్కలోకి వస్తోందని శాస్త్రజ్ఞులు అటువైపు వెతుకుతున్నారు. పాపకి ఎందుకొచ్చింది అని నిద్రపట్టని రాత్రుల్లో నేను ఇది చదువుతుంటాను. దాంట్లో నా పేరు లేదు, మా అత్తమ్మ పుల్కాల పేరూ లేదు.

మా చిన్నోడి గురించి చాలామంది అడుగుతున్నారు, అక్కకి మానిపించారు కదా వాడికీ మాన్పించారా అని. లేదు. అక్కకి సీలియాక్ ఉంది కాబట్టి వాడికీ వచ్చే అవకాశం మామూలు పిల్లల కన్నా ఎక్కువే, అందుకే వాడికి పరీక్షలు చేయిస్తుంటాం. గోధుమ తింటుంటేనే ఆ పరీక్ష సరిగ్గా వస్తుంది. ముందే మాన్పిస్తే యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బున్నా నెగటివ్ చూపిస్తుంది. మీ ఇంట్లో అనుమానం ఉంటే ముందు టీటీజీ చేయించండి, మాన్పించడం తర్వాతి సంగతి. చిన్నోడికి రాత్రిపూట ఒక పుల్కా పెడుతున్నాం, వేరే పీట మీద వేరే పెనం మీద చేసి. మళ్లీ టెస్టు వేసవి సెలవుల్లో.